చిట్స్కె గారి బిస్కెట్ డబ్బా

ఆ మంగళవారం పొద్దున వీబ్రెన్ వేసుకున్న పథకం చిన్నదే. సైకిలెక్కి ఆస్పత్రికి వెళ్లడం, కొత్త మాత్రల సీసా తీసుకోవడం, దారిలో ఎక్కడా దిగకుండా ఇల్లు చేరడం. పెద్దపేగులో పుండ్లు పడ్డాక గ్రోనింగెన్ ఊళ్లో అతనికి తెలియని టాయిలెట్ లేదు. ఈ మందూ పనిచేయకపోతే పేగు తీసేయాల్సిందేనని డాక్టరు చెప్పేసింది.

చిక్కేమిటంటే, మందు ఇంకా పరీక్షలోనే ఉంది. సగం మందికి అసలు మాత్ర, సగం మందికి ఉత్త పిండి మాత్ర. ఎవరికేది వచ్చిందో డాక్టరుకే తెలియదు.

"ఇదేం న్యాయం?" అంది ఆస్పత్రిలో పక్క కుర్చీలోని చిట్స్కె, ఆమెదీ అదే జబ్బు, అదే పరీక్ష. మున్సిపాలిటీలో అందర్నీ బల్ల చుట్టూ కూర్చోబెట్టి రాజీ కుదిర్చి రిటైరైన మనిషి. "ఒకరికి మందు, ఒకరికి పిండా? సీసాలు కలిపేద్దాం బాబూ. చెరి సగం."

"నాకు అసలు మాత్రే వచ్చుంటే?"

"వచ్చిందని రుజువు చెయ్."

వీబ్రెన్ చేయలేకపోయాడు.

ఇద్దరి గుసగుసలు మూడోవాడు విన్నాడు. అతన్ని వదిలేయడం అన్యాయమన్నారు. ఆ లెక్కన ఎవర్ని వదిలినా అన్యాయమే. నెల తిరిగేసరికి పరీక్షలో ఉన్న పన్నెండు మందీ చిట్స్కె వంటింట్లో తేలారు. ఆమె మాత్రలన్నీ బిస్కెట్ డబ్బాలో పోసి, గరిటెతో కలిపి, సమానంగా పంచింది. మనిషికో కాఫీ, ఒక్క బిస్కెట్.

అందరికీ నయమైంది. వీబ్రెన్ ఎక్కడా దిగకుండా సముద్రం దాకా సైకిలు తొక్కాడు.

చివరి రోజు డాక్టరు ముఖం వేలాడేసుకుని కూర్చుంది. "పిండి మాత్రల వాళ్లకీ మందు వాళ్లకు తగ్గినంత బాగా తగ్గిందండీ. అంటే మందులో పసలేదు. తయారీ ఆపేశారు."

"మరి నా పేగో?"

"బాగుందిగా. పోనీ, పిండి మాత్రలు రాసివ్వనా?"

వీబ్రెన్ నోరు తెరిచి, మిగతా పదకొండు మందినీ అడక్కుండా డబ్బా సంగతి చెప్పడం పద్ధతి కాదని మూసుకున్నాడు.

రెండు నెలల్లో అందరికీ జబ్బు తిరగబెట్టింది. వీబ్రెన్ ఆపరేషన్‌కు తేదీ కూడా పడింది. మళ్లీ చిట్స్కె ఇంట్లో సమావేశం.

"నిజం చెప్పేస్తే మందు బతుకుతుంది, నా పేగూ బతుకుతుంది," అన్నాడు వీబ్రెన్.

"చెబుదాం బాబూ. అందరూ ఒక్కమాట మీదికి రావాలి కదా," అంది చిట్స్కె.

పన్నెండు మందీ ఒకేసారి బల్ల దగ్గరుంటే తీర్మానం ఎప్పుడో అయిపోయేది, కానీ ఆ ఇంట్లో ఉన్నది ఒకటే టాయిలెట్.