భోజనంగారి అభ్యంతరం

విమానంలో భోజనానికి కిటికీ పక్క సీటు ఇచ్చారు. ఆ భోజనం తినడానికి ఏలీయా తగినవాడో కాదో తేలేదాకా అతణ్ణి దాని పక్కనే మధ్య సీట్లో కూర్చోబెట్టారు. అందులో వింతేమీ లేదు. ప్రత్యేక భోజనాలకి సీటు కేటాయించడం ఆ విమానసంస్థలో రెండేళ్లుగా ఉన్న పద్ధతే. భోజనం పేరు మీద బోర్డింగ్ పాసు వస్తుంది, అందరికంటే ముందు భోజనమే ఎక్కుతుంది, దానికి బెల్టు కూడా పెడతారు. 31-ఏ లో కూర్చున్న భోజనం కిలో స్వీట్ల పెట్టె అంత ఉంది. రెండు పొరల కవరు, కవరు మీద సీలు, సీలు మీద నంబరు, నంబరు కింద ముగ్గురు పెద్దల సంతకాలు. ఏలీయా పెళ్లి ఒడంబడిక కాగితం మీద కూడా అన్ని సంతకాలు లేవు.

అతని భార్య కెజియా 31-సి లో, నడవ పక్కన కూర్చుంది. ఆమె కళ్లు భోజనం మీద లేవు, చేతి గడియారం మీద ఉన్నాయి. పదకొండూ పదికి ఆమే తన చేతుల్తో మొగుడి పొట్టలో ఇన్సులిన్ సూది వేసింది. విమానం లేచిన అరగంటకి భోజనం వస్తుందని టికెట్టు మీద అచ్చేసి ఉంది మరి. సూది పడ్డాక వేళకి అన్నం పడకపోతే ఏలీయాకి ముందు చెమటలు పడతాయి, తర్వాత చేతులు వణుకుతాయి, ఆ తర్వాత మనిషి మనిషిలా ఉండడు. ఒకసారి బాపట్ల బస్టాండులో అట్లాగే పడిపోతే, తాగి పడ్డాడనుకుని జనం ఈడ్చి పక్కన పడుకోబెట్టారు. ఇప్పుడు పదకొండూ నలభై అయింది.

ఏలీయా కరెంటాఫీసులో లైన్‌మన్‌గా చేసి రిటైరైనవాడు. తెనాలి అవతల కాలవగట్టు మీద ఒక చిన్న పేట అతనిది. ఆ పేటలో నలభై గడపల వాళ్లు యూదులు. శనివారం పొయ్యి వెలిగించరు, రొయ్యలు ముట్టరు, మాంసం తిన్న పూట మజ్జిగ పోసుకోరు. ఈ సంగతి పేట దాటితే ఎవరికీ ఎక్కదు. ఇల్లు అద్దెకి అడిగినా, ఆసుపత్రిలో చీటీ రాయించుకున్నా, బస్సులో పక్కన కూర్చున్నా "మీరేమిట్లు?" అనే మాట రావాల్సిందే. యూదులమంటే కిరస్తానీలా అంటారు. కాదంటే హిందువులా అంటారు. కాదంటే సాయిబులా అంటారు. అదీ కాదంటే, మరింకేముంది నాయనా ఈ లోకంలో అని విసుక్కుంటారు. అరవై రెండేళ్లుగా ఆ ప్రశ్నకి జవాబు చెప్పి చెప్పి ఏలీయాకి నోరు పడిపోయింది. పోయేలోగా ఒక్కసారి యెరూషలేము చూడాలని భార్యని వెంటబెట్టుకుని బయల్దేరాడు. టికెట్టు తీసేటప్పుడు భోజనాల జాబితాలో 'కోషెర్' అని ఒక గడి కనబడింది. యూదుల ధర్మశాస్త్రం ప్రకారం వండి సీలు వేసిన భోజనమని దాని అర్థం. ఏలీయా దానికెదురుగా టిక్కు పెట్టి, "చూశావటే, వీళ్ల దగ్గర మనకో గడి ఉంది" అని భార్యకి చెప్పి, అక్కడితో ఆగక రెండు రోజులు పేటంతా చెప్పుకుని తిరిగాడు.

ఇంటి దగ్గర్నుంచి తెచ్చిన అరటిపళ్లూ బెల్లం ముక్కా విమానాశ్రయంలో తనిఖీ చేసేవాళ్లు తీసేసుకున్నారు. కోషెర్ ప్రయాణికుల దగ్గర సీలు లేని తిండి ఉండకూడదట. "అరటిపండుకి సీలేందయ్యా, తొక్కే దాని సీలు" అని కెజియా గట్టిగానే దెబ్బలాడింది. తొక్క మీద సంతకం లేదని వాళ్లు శాంతంగా చెప్పారు.

పదకొండూ నలభై ఐదుకి పరాంకుశం వచ్చాడు. ఆయన ఆ విమానంలో ప్రత్యేక భోజనాల అర్హతాధికారి. నీలం కోటు, చంకలో ఫైలు, నుదుట సన్నని నామం. ముందు వరసల పని అప్పటికే పూర్తిచేసుకుని వచ్చాడు. పన్నెండో వరసలో జైన భోజనం తన మనిషిని రెండు నిమిషాల్లో ఒప్పుకుంది. పద్దెనిమిదో వరసలో ఉప్పులేని భోజనం కాసేపు బెట్టు చేసి, బీపీ చీటీ చూశాక మెత్తబడింది. పరాంకుశం 31-ఏ ముందు వంగి భోజనానికి నమస్కారం చేశాడు. పెట్టె మూతకి చెవి ఆనించి కాసేపు విని, ఏదో రాసుకుని, అప్పుడు ఏలీయా వైపు తిరిగాడు.

"భోజనంగారు మీ కాగితాలు అడుగుతున్నారు సార్."

ఏలీయా పాస్‌పోర్టు ఇచ్చాడు. అందులో మతం ఉండదు కనక పనికిరాదన్నాడు పరాంకుశం. సర్వీసు రిజిస్టరు జిరాక్సు ఇచ్చాడు. అందులో మతం అన్నచోట 'ఇతరములు' అని ఉంది.

"ఇతరములు అంటే ఏ మతం?"

"అది మతం కాద్సార్. నేను ఉద్యోగంలో చేరిన్నాడు ఆ ఫారంలో మాకు గడి లేదు. గుమాస్తా అట్టా రాసుకున్నాడు."

పరాంకుశం మళ్లీ చెవి ఆనించాడు. "ఇతరుల చేత తినబడటానికి భోజనంగారు సుముఖంగా లేరు. మీరు యూదులని మీకెవరు చెప్పారు?"

"మా తాత."

"ఆయనకి?"

"ఆయన తాత."

"రాతపూర్వకంగా ఏమన్నా ఉందా?"

"వాళ్లకి రాయటం రాదు సార్," అన్నాడు ఏలీయా. "రానిచ్చిందెవరు?"

ఈ చివరి మాట పరాంకుశం రాసుకోలేదు. అది ప్రశ్న అనీ, తన ఫారంలో జవాబులకే చోటుందనీ చెప్పాడు. తర్వాత పేజీ తిప్పి, ఎప్పుడైనా రొయ్యలు తిన్నారా అని అడిగాడు. కెజియా మోచేత్తో పొడుస్తూనే ఉంది, ఏలీయా మాత్రం ఉన్నదున్నట్టు చెప్పేశాడు.

"తిన్నా. చీరాలలో, నాకు ఇరవై రెండేళ్లప్పుడు. మా ఇంజనీరుగారింట్లో విందు. ఆయన మమ్మల్ని ఇంట్లోకి రానిచ్చి పంక్తిలో కూర్చోబెట్టింది అదొక్కసారే. ఆకులో ఏం పడుతుందో అడిగితే లేపేస్తారేమోనని అడగలా."

"ఎన్ని తిన్నారు?"

"లెక్కబెట్టలా సార్. ఆరో ఏడో."

ఏడు అని రాసుకున్నాడు. భోజనంగారికి ఆ అంకె చెప్పాడు. చెవి ఆనించి ఈసారి చాలాసేపు విన్నాడు.

పన్నెండూ ఐదు. ఏలీయా మెడ మీద చెమట బొట్లు కట్టింది. చొక్కా కాలరు తడిసింది. కెజియా తలమీది బొత్తాం నొక్కితే హిమజ అనే ఎయిర్‌హోస్టెస్ నవ్వుతూ వచ్చింది.

"అమ్మా, ఒక్క గ్లాసు జ్యూసు ఇయ్యి తల్లీ. ఆయనకి షుగరు పడిపోతంది."

"సారీ అండీ. సార్ రికార్డులో కోషెర్ అని ఉన్నారు. మా జ్యూసు తాగితే సార్ చెడిపోతారు."

"ప్రాణం మీదికొస్తే ఏదైనా తినొచ్చని మా ధర్మశాస్త్రమే చెప్తంది!"

"నిజమేనమ్మా," అన్నాడు పరాంకుశం. ఆయనలో వెటకారం ఏ కోశానా లేదు. "ఆ మినహాయింపు నేనూ చదివాను. చాలా దయగల సూత్రం. కానీ అది యూదులకే వర్తిస్తుంది. సార్ యూదులని ఇంకా తేలలేదు."

"కాదని తేలినా ఇచ్చెయ్యొచ్చండీ," అంది హిమజ. "తేలకపోవడంతోనే ఇబ్బంది."

నడవకి అటుపక్క సీట్లో ఒక పెద్దమనిషి ఇదంతా వింటున్నాడు. జాలిగుండె ఉన్నవాడే. సంచిలో చెయ్యిపెట్టి కాజా పొట్లం సగం దాకా బయటికి తీశాడు. తీస్తూ తీస్తూ, ఏదో మాటవరసకి అన్నట్టు, "ఇంతకీ మీరేమిట్లమ్మా?" అన్నాడు.

"దాని మీదే విచారణ జరుగుతోందండీ," అని పరాంకుశమే జవాబిచ్చాడు.

"అయితే తేలనివ్వండి పాపం," అని పెద్దమనిషి పొట్లాన్ని మళ్లీ సంచిలో పెట్టుకున్నాడు.

పన్నెండూ పదిహేను. ఏలీయా కుడిచెయ్యి ఒళ్లో దానంతటది వణకడం మొదలుపెట్టింది. సూది వేసిన తన చెయ్యి నరుక్కోవాలనిపించింది కెజియాకి. అప్పుడు హిమజ పరాంకుశం చెవిలో ఏదో చెప్పింది. వెనక నలభయ్యో వరసలో షుగరు పేషెంట్ల భోజనం ఒకటి ఒంటరిగా కూర్చుని ఉందట. దాని మనిషి విమానం అందుకోలేకపోయాడు. ఆ భోజనం తాతముత్తాతల జోలికి పోదు, రక్తపరీక్ష కాగితం ఒక్కటి చూపిస్తే చాలు. ఆ కాగితం కెజియా సంచిలోనే ఉంది. అయితే ఒక మనిషికి ఒకటే భోజనం కనక, ఏలీయా ముందు కోషెర్‌ని వదులుకోవాలి. పరాంకుశం ఫైలులోంచి దానికి సంబంధించిన కాగితం తీశాడు. 'నేను యూదుణ్ణి కాను. పొరపాటున గడిలో టిక్కు పెట్టినాను.' కింద సంతకానికి చుక్కల గీత.

"పెట్టయ్యా, పెట్టెయ్యి," అంటూ కెజియా కలం మూత తీసి మొగుడి వేళ్ల మధ్య ఇరికించింది. "కాగితం మీద రాసినంత మాత్రాన నువ్వు కాకపోతావా? దేవుడికి తెలీదా?"

ఏలీయా కాగితం రెండుసార్లు చదివాడు. కలం వణికి చుక్కల గీత మీద ఒక మరక పడింది. అంతకుమించి ఏమీ పడలేదు.

"దేవుడికి తెలుసే. తెలియంది వీళ్లకే," అన్నాడు. నాలుక మడత పడుతోంది. "అరవై రెండేళ్లకి ఒక గడి దొరికింది. దాన్ని నా చేత్తో నేనే కొట్టేసుకోమంటావా?"

"నీ గడి తగలెయ్యా! ఇక్కడ మనిషివే పోతున్నావయ్యా!"

ఆమె అరుపుకి మూడు వరసల వాళ్లు తిరిగి చూశారు. పరాంకుశానికి నిజంగానే బాధేసింది. ఆయన చెడ్డవాడు కాడు. నిబంధనల పుస్తకం తీసి, వేలు తడి చేసుకుంటూ మొదట్నుంచి చివరిదాకా తిప్పి, ఒకచోట ఆగాడు. సీలు ఉన్న వస్తువుకి విచారణ అవసరం లేదని అక్కడ ఉంది. వస్తువు అంటే ఏమిటో మాత్రం ఎక్కడా లేదు. పెట్టె దగ్గరికి వెళ్లి సంప్రదించి వచ్చాడు.

"భోజనంగారి అభ్యంతరం సార్ మీద కాదమ్మా. సార్ తెరిచి ఉండటం మీద. తెరిచి ఉన్న మనిషిలోకి ఏం పోయిందో, ఎవరు చెప్పగలరు? సీలు వేయించుకుంటే ఏ పేచీ లేదు."

"వేస్తే యూదుణ్ణని రాస్తారా?" అడిగాడు ఏలీయా.

"పెద్దక్షరాలతో వేస్తాం సార్. సంస్థ ముద్ర కూడా ఉంటుంది."

ఏలీయా తల ఊపాడు. కళ్లల్లో నీళ్లు తిరిగాయి, అవి బాధవి కావు. వంటగది అరలోంచి భోజనాలు ప్యాక్ చేసే చుట్టలు తెచ్చారు. ముందు పల్చటి ప్లాస్టిక్ పొర, దాని మీద వెండిరంగు రేకు, మొత్తం రెండు పొరలు తలనుంచి కాళ్లదాకా చుట్టారు, నిబంధన ప్రకారం. ముక్కు దగ్గర గాలికి నాలుగు చిల్లులు పెట్టారు, కళ్ల దగ్గర పారదర్శకంగా వదిలారు. నోటి దగ్గర పొరలు కోసి, ఆ కోత మీద అడ్డంగా కాగితం పట్టీ అంటించి, దాని మీద సీలు వేసి, నంబరు రాసి, పరాంకుశమూ హిమజా విమానం నడిపే కెప్టెనూ సంతకాలు చేశారు. ముగ్గురయ్యారు. సీలు పక్కన పెద్దక్షరాలతో 'యూదుడు, కోషెర్' అని స్టిక్కరు పెట్టారు. కెజియా గడియారం చూసింది. పన్నెండూ ఇరవై ఎనిమిది.

పరాంకుశం మూతకి చెవి ఆనించాడు. ఈసారి వెంటనే లేచాడు, ముఖం వెలిగింది. "ఒప్పుకున్నారు!" అన్నాడు. వరస వరసంతా చప్పట్లు కొట్టింది. అటుపక్క పెద్దమనిషి సీట్లోంచి సగం లేచి, "నమస్కారమండీ, యూదులని తెలీక ఏదో అనేశాను, ఏమీ అనుకోకండి" అన్నాడు. హిమజ బల్ల దించి, గుడ్డ పరిచి, భోజనాన్ని కిటికీ సీట్లోంచి తెచ్చి ఏలీయా ముందు పెట్టింది. కవరు విప్పి మూత తీసింది. ఆవిరి లేచింది. కోడికూర, అన్నం, చిన్న గిన్నెలో ఖర్జూరాలు.

"ఏలీయాగారూ, భోంచెయ్యండి," అంది. గారు అనడం అదే మొదలు.

"ఎట్టా తింటాడు?" అంది కెజియా.

"సీలు తీస్తే తినొచ్చమ్మా, ఎవరూ కాదనరు," అన్నాడు పరాంకుశం. "తీశాక మాత్రం సార్ మళ్లీ మామూలే. భోజనంగారిని వెనక్కి తీసుకెళ్లిపోవాల్సి వస్తుంది. మీ ఇష్టం." ఫైలు మూసి చంకలో పెట్టుకుని, ఇంకో వరసలో ఇంకో భోజనం పిలుస్తుంటే వెళ్లిపోయాడు.

కెజియా ఒక ఖర్జూరం తీసి, గింజ తీసేసి, రెండు వేళ్ల మధ్య పట్టుకుంది. నోటికీ ఖర్జూరానికీ మధ్య ఒక కాగితం పట్టీ ఉంది, అంతే. పన్నెండూ ముప్పై ఐదు. రేకు లోపల మొగుడి భుజం కొట్టుకుంటున్నట్టు అదురుతోంది. చిల్లుల్లోంచి ఊపిరి చిన్న చిన్న ముక్కలుగా వస్తోంది. ఆమె సీలు అంచు కింద గోరు దూర్చింది. ఒక మూల కొంచెం లేచింది.

పారదర్శకపు పొర వెనక నుంచి ఏలీయా కళ్లు ఆమెని చూశాయి. వద్దన్నట్టు తల అడ్డంగా ఊపాడు. మెల్లగా, ఒక్కసారే, రెండోసారికి శక్తి చాలలేదు. అప్పుడే నడవలో పోతున్న ఇద్దరు ప్రయాణికులు ఆగి, స్టిక్కరు చదివి, భక్తిగా తల వంచి వెళ్లారు. మీరేమిట్లు అని అడగలేదు. నలభై ఏళ్ల కాపురంలో తన మొగుణ్ణి దాటిపోతూ ఆ మాట అడగని కొత్తమనిషిని కెజియా చూడటం అదే మొదటిసారి.

ఆమె ఖర్జూరాన్ని గిన్నెలో పెట్టేసింది. లేచిన మూలని బొటనవేలితో మళ్లీ అంటించి, ఊడిపోకుండా గట్టిగా అదిమి పట్టుకుంది.