అత్తగారి తొలి నవల

పుస్తకం రాయడానికి మనిషికి ఈ రోజుల్లో ఎవరి అనుమతీ అక్కర్లేదు. ప్రచురణకర్తల గుమ్మాల ముందు చెప్పులరిగేలా తిరిగే కాలం పోయింది. ఎవరి నవలను వారే, ఎవరింట్లో వారే, పొయ్యి మీద పాలు పొంగేలోపు ప్రపంచానికి విడుదల చేసుకోవచ్చు. మానవజాతి సాధించిన ఈ స్వాతంత్ర్యానికి ఉన్నది ఒకే ఒక చిన్న షరతు. రాసింది తామేనని నిరూపించుకోవాలి.

ఈ షరతు సంగతి మన రచయిత్రికి తెలియదు. ఆమె ఏడేళ్ళు కష్టపడి ఒక నవల రాసింది. ఏడేళ్ళంటే తెరిపి లేకుండా అని కాదు. బట్టలు ఆరేశాక, కూతురు బడి నుంచి వచ్చేలోపు దొరికే గంటన్నర చొప్పున ఏడేళ్ళు. పద్నాలుగు సార్లు తిరగరాసింది. నలుగురు ప్రచురణకర్తలకు పంపింది. ఒకరు బాగుందన్నారు. ఒకరు బాగుంది కానీ అన్నారు. మిగిలిన ఇద్దరి దగ్గర నవల ఇంకా పరిశీలనలోనే ఉంది. (వారిలో ఒకరు ఈలోగా పుస్తకాల వ్యాపారం మానేసి నేలకు పరిచే పలకల దుకాణం పెట్టుకున్నారు. అయినా పరిశీలన సాగుతున్నట్టే లెక్క.)

చివరికి ఎవరికి వారే పుస్తకాలు ప్రచురించుకునే ఒక యాప్ ఉందని తెలిసింది. అందులో పెట్టిన నవలను వందమంది చివరిదాకా చదివితే యాప్ వారే దాన్ని అచ్చువేసి గ్రంథాలయాలకు పంపుతారు. రచయిత్రికి కావలసింది అదే. ఊరి గ్రంథాలయంలో ఏదో ఒక అరలో, అట్ట మీద తన పేరుతో, తన పుస్తకం నిలబడి ఉండాలి. నిలబెట్టే చోటు లేక పడుకోబెట్టినా ఆమెకు అభ్యంతరం లేదు.

ఖాతా తెరవబోతే ఆమె ఫోన్ నంబరు పనికిరాదన్నారు. ఆ నంబరుతో ఆమె ఎప్పుడో పాఠకురాలిగా నమోదైంది. నియమావళి ప్రకారం చదివేవారు రాయకూడదు, రాసేవారు చదవకూడదు. (ఈ నియమాన్ని చాలామంది రచయితలు ఏ యాప్ చెప్పకుండానే పాటిస్తున్నారు.) భర్త నంబరు ఆఫీసువాళ్ళది. ఇక ఇంట్లో మిగిలింది అత్తగారి ఫోను. అది ఎప్పుడూ నిండా చార్జింగుతో టీవీ పక్కన బోర్లా పడుకుని ఉంటుంది.

"అత్తయ్యా, మీ ఫోన్‌కి ఓటీపీ వస్తుంది, కాస్త చెప్తారా?"

"చెప్తాలే. ఆరు. మళ్ళీ ఆరు. సున్నా. ఎందుకమ్మాయ్ ఇది, గ్యాస్‌కా?"

"నవలకి."

"ఏదో ఒకటి. తొమ్మిది."

నంబరు పడగానే పేరు దానంతటదే నిండింది. పుట్టిన సంవత్సరం దానంతటదే నిండింది. ఫోటో కూడా దానంతటదే వచ్చి కూర్చుంది. యాప్ ఎవరినీ ఏ పనీ చేయనివ్వదు. రచయిత్రి, పేరు తర్వాత మార్చుకోవచ్చులే అనుకుంది. తర్వాత మార్చుకోవచ్చు అనుకుని మనుషులు చేసిన పనుల జాబితా చాలా పెద్దది. అందులో ఇదొకటి చేరింది.

మొదటి వారం నవలను ముగ్గురు తెరిచారు. ఇద్దరు మొదటి పేజీలోనే వెనుదిరిగారు. రెండో వారం యాప్ వారు ఆ నవల మీద ఒక పచ్చ ముద్ర వేశారు: "డెబ్బై రెండేళ్ళ వయసులో తొలి నవల". ఆ తర్వాత జరిగింది రచయిత్రికి ఏడేళ్ళలో ఏనాడూ కలలోనైనా రాలేదు. నూట ఎనభై మంది చదివారు. చదివి ఊరుకోలేదు, ఫోన్లు చేశారు. రచయిత పేజీలో ఫోన్ నంబరు కూడా దానంతటదే నిండి ఉంది మరి.

అందరూ మెచ్చుకున్నది పదకొండో అధ్యాయాన్ని. అందులో కోడలు గది ఊడ్చి చీపురు మూల పెడుతుంది. అత్తగారు వస్తుంది. ఒక్క మాట అనదు. చీపురు తీసుకుని అదే గదిని మళ్ళీ ఊడుస్తుంది. అంతే అధ్యాయం. దీనికి మూలం ఎక్కడుందో విడిగా చెప్పనక్కర్లేదు. (జాగ్రత్త కోసం రచయిత్రి నవలలోని అత్తగారిని ఒక జానెడు పొడుగు చేసింది.)

"అమ్మగారూ, మీరే అత్తగారై ఉండి అత్తల తప్పు అంత నిజాయితీగా ఎలా రాయగలిగారండీ?" అని ఒక పాఠకురాలు ఫోన్‌లో అడగడం వంటింట్లోకి కూడా వినిపించింది.

"ఏం చేస్తామమ్మా," అన్నారు అత్తగారు. "ఉన్నమాట రాయాలి కదా."

రచయిత్రి చేతులు తుడుచుకుంటూ వచ్చింది. "ఏం రాయాలి అత్తయ్యా?"

"నేనేమన్నానే? ఆవిడ అంత ఆశగా ఫోన్ చేసింది. నేను కాదంటే చిన్నబోదూ?"

ఇలా రోజుకు నలుగురైదుగురు అడుగుతుంటే జవాబు చెప్పలేకపోవడం నామోషీగా తోచి, అత్తగారు కళ్ళజోడు పెట్టుకుని నవల చదవడం మొదలుపెట్టారు. ఒకసారి కాదు, నాలుగుసార్లు చదివారు. ఆ ఇంట్లో నవలను పూర్తిగా చదివిన మొదటి మనిషి ఆవిడే. (భర్త కూడా చదువుతున్నాడు. మూడేళ్ళుగా ఇరవయ్యో పేజీలో ఉన్నాడు. అక్కడ చాలా బాగుందని అంటాడు.)

"పదకొండో అధ్యాయంలో ఆవిడెవరో గానీ ఒళ్ళు మండిపోయిందమ్మాయ్," అన్నారు అత్తగారు ఒకరోజు. "కోడలు ఊడ్చిన గది మళ్ళీ ఊడుస్తుందా ఎవరైనా? కాళ్ళు కాస్త పైకి పెట్టుకో, ఇక్కడ దుమ్ముంది."

రచయిత్రి కాళ్ళు పైకి పెట్టుకుంది. అప్పుడే ఫోన్‌లో సందేశం వచ్చింది. నవల అచ్చుకు ఎంపికైంది. పదిహేను రోజుల్లో ముద్రణ. అట్ట మీద ఖాతాదారు పేరే ఉంటుంది.

సాయంత్రం భర్త రాగానే ఈ సంగతి చెప్పింది.

"ఎవరి పేరైతే ఏముంది?" అన్నాడు అతను, బూట్లు విప్పుకుంటూ. "ఇంటిపేరు ఒకటేగా."

"మీ ప్రమోషన్ మీ తమ్ముడికిస్తే? ఇంటిపేరు ఒకటేగా."

"అది వేరు."

"ఎలా వేరు?"

"అది ఉద్యోగం," అన్నాడు అతను, చర్చ ముగిసినట్టు.

మర్నాడు రచయిత్రి సహాయ కేంద్రానికి ఫోన్ చేసింది. ఆమె సమస్య వారికి చాలా ముఖ్యమని నలభై నిమిషాలసేపు సంగీతంతో సహా చెప్పారు. తర్వాత ఒక అమ్మాయి పలికింది.

"పేరు మార్పుకి మూడు కారణాలే ఉన్నాయండి. ఒకటి, రచయిత మరణం. రెండు, రచయితకి మతి చలించడం. మూడు, ఈ రచన చేసే శక్తి తనకి లేదని రచయితే రాసివ్వడం. ఏది నొక్కమంటారు?"

"నవల రాసింది నేనండి. నా దగ్గర పద్నాలుగు చేతిరాత ప్రతులున్నాయి."

"చేతిరాత చెల్లదండి. అది చూసి రాసిందైనా కావచ్చు కదా. మీరు రాస్తుండగా కనీసం సగం పేజీల వరకు చూసిన సాక్షి ఉన్నారా? బంధువు కాకూడదు."

"ఇంట్లో కూర్చుని రాసుకుంటుంటే బయటివాళ్ళెలా చూస్తారండీ?"

"అందరూ ఇదే అడుగుతారండి," అంది ఆ అమ్మాయి సానుభూతిగా. "ఏది నొక్కమంటారు?"

రచయిత్రి మూడు కారణాలూ అత్తగారికి చదివి వినిపించింది. మొదటి రెండూ వినగానే ఆవిడ, "బాగానే ఉంది వరస," అన్నారు. మూడోది విన్నాక కళ్ళజోడు తీసేశారు.

"నేను రాయలేదని ఎక్కడైనా చెప్తాను. నాకు చేతకాదని మాత్రం రాసివ్వను. ఆ రోజుల్లో పెళ్ళి చేయకపోతే నేనూ చదువుకునేదాన్నే."

"ఊరికే కాగితం మీదే కదా అత్తయ్యా."

"నీ పేరు కూడా కాగితం మీదే కదమ్మా."

రచయిత్రి కారణాలు రాసుకున్న కాగితాన్ని మడిచి పక్కన పెట్టింది. (పద్నాలుగు ప్రతుల్లో ఎక్కడా ఇంత మంచి సంభాషణ పడలేదని ఆమెకు అనిపించింది.)

ఇరుపక్షాలకూ రాజీ కుదరనప్పుడు నియమావళి ఒక మార్గం చూపిస్తుంది. దాని పేరు కర్తృత్వ నిర్ధారణ పరీక్ష. నవల మీద ప్రశ్నలు వేస్తారు. ఎవరికి ఎక్కువ మార్కులు వస్తే వారే రచయిత. పద్నాలుగో రోజున పరీక్ష పెట్టారు. భోజనాల బల్లకు ఆ చివర అత్తగారు, ఈ చివర కోడలు, ఎవరి ఫోన్ ముందు వారు కూర్చున్నారు. ముందురోజే ఒప్పందం అయింది. అత్తగారు అన్నిటికీ తప్పు జవాబులు చెప్తారు. తప్పు చెప్పడం చేతకాకపోవడం కిందికి రాదని ఆవిడను ఒప్పించడానికి ఒక పూట పట్టింది.

తెర మీద కర్తృత్వ నిర్ధారణాధికారి ప్రత్యక్షమయ్యాడు. ఆయన వెనకాల గోడ నిండా పుస్తకాలు. అది బొమ్మ కావడం వల్ల ఆయన తల తిప్పినప్పుడల్లా ఒక చెవి గ్రంథాలలో కలిసిపోయేది.

"మొదటి ప్రశ్న. కథానాయిక కుట్టుపని దుకాణానికి మెట్లు ఎన్ని?"

"నాలుగు," అంది రచయిత్రి. నాలుగు ఆరో ప్రతిలో. తొమ్మిదో ప్రతిలో వాటిని ఆరు చేసింది. ఆ తర్వాత మళ్ళీ మార్చిన సంగతి గుర్తులేదు.

"ఐదు," అన్నారు అత్తగారు. "మూడోది కాస్త ఊగుతుంది."

కోడలు బల్ల కింద కాలితో తట్టింది. "ఏంటమ్మాయ్," అన్నారు ఆవిడ పైకే. "తప్పని తెలిసి ఎలా చెప్తాను? పెద్దమనిషి ఎదురుగా కూర్చుంటే."

"అభ్యర్థులు మాట్లాడుకోకూడదు. రెండో ప్రశ్న. కథానాయిక అక్క చివరికి ఏమవుతుంది?"

"చనిపోతుంది," అంది రచయిత్రి. "కాదు, తిరిగొస్తుంది. ఆగండి, నేను చంపింది ఎనిమిదో ప్రతిలో."

అధికారి ఏదో రాసుకున్నాడు. అత్తగారు అక్క తిరిగొచ్చిన బస్సు రంగు కూడా చెప్పారు.

అలా తొమ్మిది ప్రశ్నలు అయ్యేసరికి అత్తగారికి తొమ్మిది, కోడలికి ఆరు వచ్చాయి. పదోదానికి ఐదు మార్కులని అధికారి ప్రకటించాడు. అది రచయితకు మాత్రమే తెలిసే ప్రశ్న. అది గెలిస్తే నవల ఇప్పటికీ రచయిత్రిదే.

"పదకొండో అధ్యాయం రాసేటప్పుడు మీ మనసులో ఉన్నది ఎవరు?"

రచయిత్రి తల ఎత్తి చూసింది. బల్లకు ఆ చివర అత్తగారు ఒత్తిడిలో ఫోన్‌ను రెండు చేతులా పట్టుకుని, పిల్లలు పద్యం అప్పజెప్పేటప్పుడు కూర్చున్నట్టు కూర్చుని ఉన్నారు. ఒక్క మాట చెబితే చాలు. రెండే రెండు పదాలు. మర్నాడు పొద్దున మళ్ళీ ఇదే ఇంట్లో, ఇదే నేల మీద ఇద్దరూ తిరగాలి.

"ఎవరూ లేరండి," అంది. "ఊరికే ఊహించి రాశాను."

"మీ జవాబు అమ్మగారూ?"

"ఇంకెవరుంటారండీ, మా అత్తగారు," అన్నారు అత్తగారు. "నేనొచ్చిన రోజు నుంచి ఆవిడ పోయిన రోజు దాకా, నేను ఊడ్చిన గదే మళ్ళీ ఊడ్చింది మహాతల్లి. ఒక్క మాట అనేది కాదు. అదే అసలు బాధ."

అధికారి కళ్ళు తుడుచుకున్నాడు. ఆయన చెయ్యి కాసేపు గ్రంథాలలోకి వెళ్ళిపోయింది. ఐదుకు ఐదు వేశాడు.

తీర్పు ఆ సాయంత్రమే వచ్చింది. నవల అత్తగారిదే. పుస్తకాలు అచ్చయి వచ్చాయి, ఊరి గ్రంథాలయంలో అరలో నిలబడ్డాయి కూడా. పడుకోబెట్టలేదు.

"నువ్వేం మనసులో పెట్టుకోకు," అన్నారు అత్తగారు పాఠకుల కోసం ప్రతుల మీద సంతకాలు చేస్తూ. "రెండో నవల నీ పేరున వేయిద్దాం."

"రెండోది ఎవరు రాస్తారు అత్తయ్యా?"

"ఎవరు రాయడమేంటి, నువ్వే. నాకు ఈ ఫోన్లతోనే సరిపోతోంది."

రెండో నవలకు ఖాతా తెరవాలంటే ఓడిన అభ్యర్థి ముందుగా ఒక హామీపత్రం ఇవ్వాలి. ఇకమీదట గెలిచిన సదరు రచయిత్రి శైలిని గానీ, పాత్రలను గానీ, కుటుంబ పరిస్థితులను గానీ అనుకరించనని అందులో సొంత మాటల్లో పది వాక్యాలు రాయాలి. ఆమె బట్టలు ఆరేసి వచ్చి రాసిచ్చింది. యాప్ వారు దాన్ని నిబంధనల ప్రకారం అందరికీ కనబడేలా, ఆమె పూర్తి పేరుతో ప్రకటించారు.

ఆమె పేరుతో వెలువడిన మొదటి రచన అదే. నలుగురు చదివారు. వారిలో ఒకరు, శైలి ఎక్కడో చదివినట్టుందని రాశారు.