మేకుల తాత తలూపిన రోజు

వరద వంతెనను ఊడ్చుకుపోయింది చూశారా, ఆ ఏడాది కాదు, దాని తరువాతి ఏడాది. వంతెన మళ్ళీ కట్టారు గానీ ఇంకా రంగు వేయలేదు. ఆ రోజుల్లో మేకుల తాత ఇంటి వరండాలో కూర్చుని సోఫాలకూ కుర్చీలకూ గుడ్డ వేసేవాడు. బడిలో మూడో తరగతి దాకా చదివాడు. నాలుగో తరగతిలో బెంచీ విరిగితే దాన్ని బాగుచేద్దామని కింద కూర్చున్నవాడు, చదువు వైపు మళ్ళీ లేవలేదు.

గుప్పెడు చిన్న మేకులు నోట్లో పోసుకుని, ఒక్కొక్కదాన్నీ నాలుకతో పెదవుల మీదికి తెచ్చి, అక్కడినుంచి తీసి కొట్టడం ఆ పనివాళ్ళ పద్ధతి. కొందరి నోట్లో నువ్వుగింజ నానదంటారు. ఈయన నోట్లో మేకులే నానేవి. అందుకే ఆయన మాట్లాడడు. ఎవరేమన్నా తలూపుతాడు. నిజానికి ఆ ఊపు ఎదుటివాళ్ళ మాటకు కాదు, మేకు నిలువుగా దిగినందుకు. ఇది తెలియక ఇంట్లోవాళ్ళు ఆయన్ను పెద్ద జ్ఞాని అనుకునేవారు. ఆయనా కాదనలేదు. కాదనాలంటే నోట్లోంచి మేకులు తీయాలి.

ఆ రోజు పొద్దున ఆయన అనుకున్నది ఒక్కటే. ఎండ ముదిరేలోపు కుర్చీ ముగించి, అదే కుర్చీలో ఓ కునుకు తీయాలి. అంతలో మనవరాలు వచ్చి పక్కన కూర్చుంది. ఆ పిల్ల కాలేజీలో సైకాలజీ చదువుతోంది, అదే చివరి ఏడాది. చాలాసేపు ఏదో చెప్పింది. తాతకు సుత్తి చప్పుడే వినిపించింది. ఆఖరున మాత్రం, "నాన్నకు నువ్వే చెప్పాలి తాతా. నీ మాటైతే వింటాడు. చెప్తావుగా?" అంది.

మేకు నిలువుగా దిగింది. తాత తలూపాడు.

పిల్ల అలా లోపలికి వెళ్ళిందో లేదో, కొడుకు ఇలా వచ్చాడు. బస్సుల ఆఫీసులో గుమాస్తా.

"నాన్నా, మనసు గురించి చదివితే ఉద్యోగం ఎవడిస్తాడు చెప్పు? ఎదుటివాళ్ళ మనసులో ఏముందో నీ కోడలు ఏ చదువూ లేకుండానే చెప్పేస్తుంది. దానికేమైనా జీతమిస్తున్నారా? ఇక చాలు. రేపు పొద్దున్నే దీన్ని అకౌంట్ల కోర్సులో పడేస్తా. నువ్వేమంటావు?"

ఇంకో మేకు దిగింది. తాత తలూపాడు.

"విన్నావటే, తాత కూడా సరేనన్నాడు," అని కొడుకు లోపలికి కేకేశాడు.

పిల్ల పుస్తకాలు పట్టుకుని బయటికి వచ్చింది. "నువ్వు కూడానా తాతా?" అని, జవాబు కోసం ఆగకుండా గేటు దాటింది. ఆ మరుక్షణం సుత్తి తాత బొటనవేలి మీద పడింది.

పిల్ల చెప్పింది తను వినలేదు. మళ్ళీ చెప్పమందామంటే, ఇన్నేళ్ళుగా ఎవరు చెప్పిందీ వినలేదని బయటపడుతుంది. అంతకంటే తెలిసినవాళ్ళను ఎవరినైనా అడిగి, ఆ చదువుకు ఏ పని దొరుకుతుందో కనుక్కుని, కొడుకు ముందు పెడితే సరిపోతుందనుకున్నాడు. గోటితో పోయేదానికి గొడ్డలి ఎత్తడమంటే ఇదే. కానీ గొడ్డలి ఎత్తేవాడికి అది ఎప్పుడూ గోరులాగే కనిపిస్తుంది.

పెద్దాసుపత్రిలో మనసు డాక్టరమ్మ గదిలోని సోఫాకు గుడ్డ వేసింది ఆయనే. ఆమెనే అడగాలని బయల్దేరాడు. "సైకాలజీ చదివిన పిల్లకు ఏం పని దొరుకుతుందమ్మా?" అని దారి పొడుగునా వల్లె వేశాడు. ఖాళీ నోటితో నడవడం అలవాటు లేక, చొక్కా కింద నడుముకు కట్టుకున్న సంచిలోంచి నాలుగు మేకులు తీసి నోట్లో వేసుకున్నాడు. ఆ పని చేయకుండా ఉంటే ఈ కథ ఇక్కడితో అయిపోయేది.

ఆసుపత్రి ముందు గదిలో బల్ల వెనక ఒక అమ్మాయి కూర్చుని ఉంది. "మనసు డాక్టరమ్మ కోసమా? మీకేనా?" అని అడిగింది. తాత తలూపి, ఆ తరువాత మాట్లాడదామని, నోట్లోని మేకులు ఒక్కొక్కటే అరచేతిలోకి ఉమ్మాడు.

అమ్మాయి కలం కింద పెట్టింది. "ఇది ఎప్పట్నుంచి తాతగారూ?"

వృత్తి గురించి అడుగుతోందనుకున్నాడు. "చిన్నప్పట్నుంచి. మా నాన్న అలవాటు చేశాడు."

"రోజూనా?"

"ఆదివారం సెలవు."

"మింగారా ఎప్పుడైనా?"

"ఒకటీ అరా. పనన్నాక తప్పుతుందా."

"ఇంట్లోవాళ్ళకు తెలుసా?"

"మావాడూ మొదలుపెట్టాడు. వాడికి పట్టుబడలేదు. మానేశాడు."

వల్లె వేసిన వాక్యం నోటిదాకా వచ్చేలోపే ఆయన్ను చక్రాల కుర్చీలో కూర్చోబెట్టారు. దాని సీటు గుడ్డ వదులుగా ఉందని గమనించాడు గానీ చెప్పే వీలు లేకపోయింది. ఎక్స్‌రే గదిలో "ఇనుము ఇంకా ఉందా?" అని అడిగితే సంచి తడిమి తలూపాడు. కడుపు పట్టుకుని ఒప్పుకున్నాడని వాళ్ళు అర్థం చేసుకున్నారు. చొక్కా కూడా విప్పించకుండా ఎక్స్‌రే తీశారు. అందులో ఆయన పొట్ట హార్డ్‌వేర్ షాపులా ఉంది.

ఇంటికి ఫోన్ వెళ్ళింది. కొడుకు ఆఫీసు చొక్కా గుండీలు తప్పుగా పెట్టుకుని పరిగెత్తుకొచ్చాడు. కోడలు అరటిపళ్ళ గెలే మోసుకొచ్చింది, మేకుల చుట్టూ మెత్తగా ఉంటుందని.

"నా వల్లే నాన్నా," అన్నాడు కొడుకు. "పొద్దున పిల్ల మాట తీసిపారేశానని మింగేశావు. నోరు విప్పి తిట్టి ఉంటే పోయేదిగా."

"ముందు ఇది తినండి మామయ్యా," అని కోడలు ఆయన నోట్లో అరటిపండు కుక్కింది. దాంతో నోటికి దొరికిన ఆ కాస్త సందూ పూడిపోయింది.

డాక్టరమ్మ అందర్నీ బయట ఉండమని, ఆయన్ను తన గదిలో సోఫా మీద పడుకోబెట్టింది. మనసులో ఏముందో నెమ్మదిగా చెప్పమంది. మనసులో ఉన్నది ఆ సోఫాయే. మూలన గుడ్డ లేచిపోయి ఉంది. తన చేతి పనికి అంతకు మించిన అవమానం లేదు. లేచి, నేల మీద కూర్చుని, సంచిలోంచి మేకులు తీసి అలవాటుగా నోట్లో పోసుకున్నాడు.

"పట్టుకోండి, మళ్ళీ మింగుతున్నాడు," అంది డాక్టరమ్మ. బయటున్నవాళ్ళంతా లోపలికి వచ్చిపడ్డారు. ఇద్దరు వార్డుబాయిలు చెరో రెక్కా పట్టుకున్నారు. కొడుకు కాళ్ళు పట్టుకున్నాడు, మొక్కడానికో ఆపడానికో వాడికే తెలియలేదు. అందరూ కలిసి ఉమ్మమంటున్నారు. ఇంతమంది పట్టుకుంటే ఎవడు మాత్రం ఉమ్మగలడు.

కాలేజీ నుంచి మనవరాలు అప్పుడే వచ్చింది. ఏడవలేదు, ఏమీ అడగలేదు. ఎదురుగా కూర్చుని, పసిపిల్లగా ఉన్నప్పుడు చేసినట్టే అరచెయ్యి చాపింది. తాత మేకులన్నీ అందులో ఉమ్మాడు. పిల్ల ఆయన చొక్కా ఎత్తి నడుముకున్న సంచి అందరికీ చూపించింది.

"ఇప్పుడు చెప్పు తాతా, ఎందుకొచ్చావు?" అని ఊరుకుంది.

తాత తెచ్చిన వాక్యం అప్పటికి బయటపడింది. "సైకాలజీ చదివిన పిల్లకు ఏం పని దొరుకుతుందమ్మా?"

వార్డుబాయిలు రెక్కలు వదిలేశారు. డాక్టరమ్మ కాసేపు కిటికీ వైపు తిరిగి నవ్వు దిగమింగుకుంది. "బడుల్లో పిల్లలతో మాట్లాడే పనుంది. కోర్టుల్లో ఉంది. కంపెనీల్లో మనుషుల్ని ఎంచుకునే పనుంది. ఇంకా చదివితే నా దగ్గరా ఉంది. ఇది అడగడానికా ఎక్స్‌రే తీయించుకున్నారు?"

"నాకవేవీ వద్దండీ," అంది మనవరాలు. "డ్రైవరు సీటు ఎలా ఉంటే నడుము పట్టేయదు, ఏ మీట ఎక్కడుంటే చెయ్యి తడబడదు, అలిసిపోయినవాడు ఎక్కడ పొరబడతాడు, ఇవన్నీ చూసే పని ఒకటుంది. అదీ మా చదువులోదే. బస్సులు తయారుచేసే కంపెనీలో శిక్షణకు రమ్మన్నారు."

కొడుకు నోరు తెరిచాడు. "మా డ్రైవర్లు రోజుకొకడు నడుము నొప్పని సెలవు పెడుతున్నాడే. ఈ మాట ముందే ఎందుకు చెప్పలేదు?"

"పొద్దున తాతకు అంతా చెప్పా. నీకు తనే చెప్తానని తలూపాడు."

అందరూ తాత వైపు తిరిగారు. నోట్లో ఒక్క మేకైనా మిగిలి ఉంటే బాగుండుననుకున్నాడు.

"ఊపావా నాన్నా?"

"ఊపాను."

"మరి నా మాటకూ ఊపావుగా?"

"ఊపాను."

"ఎందుకూ?"

"మేకు బాగా దిగింది."

ముందుగా తేరుకున్నది కోడలు. "అయితే మా పెళ్ళికి తలూపింది కూడా మేకుకేనా మామయ్యా?"

తాత అరటిపండు ఒకటి అందుకుని ఒలుచుకున్నాడు.

అకౌంట్ల కోర్సు ఊసు మళ్ళీ రాలేదు. వచ్చే సోమవారం శిక్షణకు తనే దిగబెడతానన్నాడు కొడుకు. ఇంటికి బయల్దేరేముందు తాత ఆ సోఫా మూల బిగించాడు, వార్డుబాయి కళ్ళెదుటే, మేకులు చేత్తో పట్టుకుని.

మర్నాడు పొద్దున వరండాలో మనవరాలిని పిలిచి పక్కన కూర్చోబెట్టుకున్నాడు. మేకులన్నీ సాసరులో పోసి, సుత్తి అవతల పెట్టి, నిన్నటిదంతా మళ్ళీ చెప్పమన్నాడు. ఆ పిల్ల టీ చల్లారేదాకా చెప్పింది. ఆయన మొదటి నుంచి చివరి దాకా విన్నాడు, ఒక్క ముక్కా అర్థం కాలేదు, తలూపాడు.