పంది చేసిన తప్పు, రాజుగారి గుహ

ఒక పెద్ద అడవిలో న్యాయం బాగా పాతబడిపోయి ఉండేది. పాతది అంటే మరేం లేదు, ఎవరు ఎవరికి నష్టం చేస్తే వాళ్లే వెళ్లి సరిచేసి రావాలి. కోతి పిచ్చుక గూడు పీకితే కోతే కూర్చుని మళ్లీ అల్లాలి. అల్లలేక అది ఏడుస్తుంటే అడవంతా చేరి నవ్వేది. ఆ కోతి మళ్లీ ఏ గూటి జోలికీ పోయేది కాదు.

ఒకనాడు దుంపల కోసం నేల పెళ్లగిస్తూ అడవిపంది కుందేలు బొరియను కూల్చేసింది. కుందేలు నిండు చూలాలు. పైగా ముసురు ముంచుకొస్తోంది.

"అన్నా, నాకింకేమీ వద్దు. పిల్లలు పుట్టేలోగా ఒక్క బొరియ తవ్విపెట్టు" అంది కుందేలు.

పంది తలొంచుకుని తవ్వబోయింది కూడా. ఇంతలో సింహం కొలువులో మంత్రిగా ఉన్న నక్క అడ్డం పడింది.

"ప్రభూ, ఇంకా ఈ మొరటు పంచాయితీలేనా? నేరం జరిగింది కుందేలు మీద కాదు, మీ ఏలుబడి మీద!"

పడమటి దేశాల నుంచి వలస వచ్చిన కొంగ గొంతు సవరించుకుంది. అది చదువుకున్న పక్షి. ఆ సంగతి అందరికీ అదే చెబుతుంటుంది.

"లాటిన్‌లో పోయెనా అని ఒక మాట ఉంది. రోము వాళ్లు గ్రీకుల దగ్గర అరువు తెచ్చుకున్నారు. మొదట్లో దాని అర్థం, నష్టపోయినవాడికి ఇచ్చుకునే పరిహారం. రానురాను అదే శిక్ష అయింది, బాధ అయింది."

"విన్నారా? మనం మొదటి అర్థం దగ్గరే చతికిలబడ్డాం! పరువు తక్కువ!" అంది నక్క.

సింహానికి రోషం వచ్చి పందికి చెర విధించింది. చెరకు గుహ కావాలి. అడవిలో ఉన్నది ఒకటే గుహ, అది రాజుగారిది. సరే, అందులోనే ఒక మూల పందిని కూర్చోబెట్టారు. ఖైదీ చస్తే రాజుకు అప్రతిష్ఠ కనుక పూటపూటా ఎలుగుబంటి దుంపలు మోసుకొచ్చేది.

"మరి నా బొరియ?" అంది కుందేలు.

"నీకు న్యాయం జరిగిందమ్మా. సంతోషించు" అంది నక్క.

వాన మొదలైంది. కుందేలు సంతోషిద్దామనే చూసింది గానీ, ఒళ్లంతా తడిసి వణుకుతుంటే కుదరలేదు. గుహలో పొడిగా కూర్చుని దుంప నములుతున్న పందిని చూసేసరికి దాని కడుపు మండిపోయింది. నేరుగా కొలువులోకి పోయి, అందరూ చూస్తుండగా, రాజుగారి తోక కసుక్కున కొరికింది.

"రాజద్రోహం! వేయండి చెరలో!" అని గర్జించింది సింహం.

"పిల్లలు పెద్దయ్యేదాకా వేయించండి ప్రభూ" అంది కుందేలు, దండం పెడుతూ.

ఆ పూటే గుహలో పిల్లలు పుట్టాయి. కబురు అడవంతా పాకింది. గూళ్లు తడిసినవాళ్లు, పొదలు కూలినవాళ్లు, పనీపాటా లేనివాళ్లు కూడా వరస కట్టి తోక కొరికారు. గుహ కిక్కిరిసిపోయింది. చోటు చాలక చివరికి సింహమే, కొసలేని తోకతో, వానలోకి వచ్చి నిలబడింది.

"మంత్రీ, నా గుహ పోయింది. దీన్నెవరు సరిచేస్తారు?"

"ఆ మొదటి అర్థం మనం తీసేశాం కదా ప్రభూ" అంది నక్క. అని, మిగిలిన తోక వైపు ఆశగా చూసింది.

నీతి: న్యాయం కావాలంటే ఫిర్యాదు చేయండి, నీడ కావాలంటే నేరం చేయండి.