కామ్రేడ్ గ్రుదెవ్ పుట్టిన మేకల దొడ్డి

మా దేశ స్థాపక నాయకుడు కామ్రేడ్ బోయాన్ గ్రుదెవ్ కడు పేద కుటుంబంలో పుట్టాడని, విప్లవం గెలిచిన పన్నెండో ఏట జీవితచరిత్ర సంస్థ ఏకగ్రీవంగా తీర్మానించింది. నా పేరు రాంగెల్, ఆ సంస్థలో రెండో తరగతి రచయితను. చెయ్యి మాత్రం మొదటి తరగతి వాళ్ళకంటే ముందే ఎత్తాను.

ఈ తీర్మానానికి అడ్డు వచ్చింది ఒక్కటే, వాస్తవం. కామెన్‌దోల్ గ్రామంలో నాయకుడి తండ్రికి పిండిమర ఉండేది. గాజు కిటికీల మేడ ఉండేది. కొండకవతలి ఊళ్ళవాళ్ళు కూడా గోధుమలు అక్కడికే తెచ్చి ఆడించుకునేవారు. ఈ ఇబ్బందిని నేను ఒక్క వారంలో పరిష్కరించాను. ఆ ఒక్క తండ్రినీ ఇద్దరిని చేశాను. ఒకడు మేడలో ఉండే రక్తపిశాచి, మర యజమాని. రెండోవాడు అదే మరలో మూటలు మోసి నడుం విరగ్గొట్టుకున్న కూలి. ఆ విధంగా ఆ పెద్దమనిషి తన దగ్గర తానే కూలికి చేరి, తనను తానే దోచుకుని, నలభై రెండో పేజీలో తన మీద తానే సమ్మె చేశాడు. ఆ ఘట్టం చదివి మా డైరెక్టరు కామ్రేడ్ లిల్కోవ్ కళ్ళు తుడుచుకున్నాడు. నాకు పట్నంలో రెండు గదుల ఇల్లు మంజూరైంది.

కూలి తండ్రికి గుడిసె కావాలి కదా. మేడ పక్కనే స్తోయ్నా అనే ముసలామె మేకల దొడ్డి ఉంది. చిన్నప్పుడు నాయకుణ్ణి చంకనేసుకుని తిప్పింది ఆమేనట. మేకల్ని బయటికి తోలించి, నేల శుభ్రం చేయించి, ఎక్కణ్ణుంచో ఒక విరిగిన ఊయల తెప్పించి పెట్టాం.

"మరి నా మేకలెక్కడ పడుకోవాలి బాబూ?" అంది స్తోయ్నా.

"చరిత్ర కోసం కొన్ని త్యాగాలు తప్పవవ్వా."

"ఆ మాట వాటికి నువ్వే చెప్పు. నేను చెబితే వినవు."

పుస్తకం ప్రతి బడికీ వెళ్ళింది. స్తోయ్నా మనవరాలు రాదా ఊరి బడిలో పంతులమ్మ. పిల్లలచేత దాన్ని వల్లె వేయించింది. నాయకుడూ చదివాడు. బాగుందని మళ్ళీ చదివాడు. ఐదేళ్ళపాటు చదివి, తాను పుట్టిన చోటు కళ్ళారా చూసుకుందామని బయల్దేరి వచ్చాడు.

దొడ్డి గుమ్మంలో టోపీ తీశాడు. బ్యాండు ఆగిపోయింది.

"కామ్రేడ్స్! ఈ మట్టినేల మీద కూర్చునే మా అమ్మ ఎండురొట్టెను ఏడు ముక్కలు చేసేది. ఏడో ముక్క పక్కింటి ఆకలికి! అదే మన విప్లవానికి తొలి అడుగు!"

నిజంగానే ఏడ్చాడు. ఆ రొట్టె నేను రాసిందే కనుక నేనూ ఏడ్చాను.

స్తోయ్నా జనాన్ని తోసుకుని ముందుకొచ్చింది.

"ఒరే బోయ్కో, ఎందుకురా ఆ ఏడుపు? ఇది మా మేకల దొడ్డిరా. మీ ఇల్లు అదుగో. మేడ మీద నీ గదిలో చలికాచుకునే పచ్చ పింగాణీ పొయ్యి ఉండేది. దానిమీద మేజోళ్ళు ఆరేసి తగలబెట్టావు. మీ నాన్న కొట్టబోతే నా వెనక నక్కావు."

నాయకుడు మేడ వంక చాలాసేపు చూశాడు.

"ఎర్ర మేజోళ్ళు," అన్నాడు మెల్లగా. ఆ వెంటనే నా వైపు తిరిగాడు. "రాసినవాడివి నువ్వే కదా రాంగెల్. ఏది నిజం?"

అది బెదిరింపు కాదు. పాపం, తెలియకే అడుగుతున్నాడు. దేశాన్ని గుప్పిట్లో పెట్టుకున్న మనిషి తన చిన్నతనాన్ని నా చేతికిచ్చి, ఇప్పుడు తిరిగిమ్మంటున్నాడు. ఒక్క మాట చాలు. నేను పక్కనే ఉన్న లిల్కోవ్ ముఖం చూశాను. మంజూరైన రెండు గదులు గుర్తొచ్చాయి.

"పుస్తకంలో ఉన్నదే నిజం, కామ్రేడ్. అవ్వకి మతి చెదిరింది."

నాయకుడు తేలిగ్గా ఊపిరి వదిలాడు. "పాపం. మంచి వైద్యం చేయించండి," అన్నాడు. ఆయన దయాగుణం గురించి రెండో ముద్రణలో ఒక పేజీ చేర్చాను.

స్తోయ్నాను పిచ్చాసుపత్రికి పంపారు. 'మా నాయనమ్మ పుస్తకానికి విరుద్ధంగా జ్ఞాపకం చేసుకుంటోంది' అని రాదా రాసిచ్చింది. రోజూ పొద్దున్నే డాక్టరు ఒకటే ప్రశ్న వేసేవాడట. తొమ్మిదో నెలలో జబ్బు నయమైందని కబురొచ్చింది. ధ్రువపత్రం మీద సంస్థ తరఫున సంతకం కావాలన్నారు. జున్నుముక్కా, ఎండు రేగుపళ్ళూ పట్టుకుని వెళ్ళాను. మనిషి సగమైంది.

"నాయకుడు ఎక్కడ పుట్టాడవ్వా?" నిబంధన ప్రకారం అడిగాను.

"మా మేకల దొడ్డిలో," తడుముకోకుండా చెప్పింది. "తండ్రులు ఇద్దరు."

నేను కలం తీసి ఆగాను. ఆమె కాగితం నా ముందుకు జరిపింది.

"పెట్టు బాబూ, మొహమాటపడకు. అందరూ సమానం కావాలనేగా మీరంతా ఇంత కష్టపడింది? ఊళ్ళో నేనొక్కదాన్నే మిగిలిపోయాను. ఇవాళ్టితో నేనూ మీలాంటిదాన్నే అయ్యాను."

సంతకం పెట్టాను. అబద్ధమెందుకు చెప్పాలి, చెయ్యి కూడా వణకలేదు.