తిరగని టైర్ల గొప్పతనం

బండికి సరిపోయే టైర్లు వేయడంలో గొప్పేముంది? ఆ పని కంపెనీవాడే చేసి పంపిస్తాడు. సరిపోని టైర్లు తెచ్చి, బాడీని అంగుళమైనా పైకి లేపకుండా, దాని కిందే ఇరికించడానికి గుండె కావాలి! అలాంటి గుండె ఉన్న మనిషి పలాస పక్క ఉద్దానంలో ఒకడున్నాడు. పేరు ఢిల్లీశ్వరరావు. అతనికి జరిగిన మేలు తెలిస్తే రేపే మీరూ టైర్ల షాపుకి వెళ్తారు.

ఢిల్లీశ్వరరావుకి కొబ్బరితోట, జీడితోట, ఒక పికప్ బండి, ఒక కోరిక ఉండేవి. కోరికల్లా పార్టీలో ఏదో ఒక పదవి. ఏళ్ల తరబడి పార్టీ కుర్చీలు, షామియానాలు, మైకుసెట్లు మోసింది అతని పికప్పే. అయినా స్టేజీ మీద అతని పేరు ఎవరూ చదవలేదు. ‘పికప్ ఢిల్లీ’ అనేవారు, అంతే.

2006 ఎండాకాలం, మండల ఎన్నికలు దగ్గరపడుతున్న రోజులు. ఒకనాడు టెక్కలి బజారులో ఒక కాంట్రాక్టరు జీపు వచ్చి ఆగింది. దాని టైర్లు ఏనుగు కాళ్లంత ఉన్నాయి. జనం తమంతట తామే పక్కకి తప్పుకున్నారు. అది చూసిన ఢిల్లీశ్వరరావుకి జ్ఞానోదయమైంది. మర్యాద మనిషిలో లేదు, నేలకీ సీటుకీ మధ్యనున్న ఎత్తులో ఉంది!

ఆ సాయంత్రమే పలాసలో నీలకంఠం టైర్ల షాపుకి వెళ్లి, ఉన్నవాటిలో పెద్దవి చూపించమన్నాడు. బాడీ ఎత్తడానికి సామాను విశాఖపట్నం నుంచి రావాలని నీలకంఠం చెప్పాడు. అన్నాళ్లు ఆగే ఓపిక ఢిల్లీశ్వరరావుకి లేదు. మండల పార్టీ అధ్యక్షుడు రామూర్తి ఊరేగింపు ముంచుకొస్తోంది. ఎత్తకుండా వేస్తే ఏమవుతుందని అడిగాడు.

“మలుపు తిరిగినప్పుడు టైరు మడ్‌గార్డుకి తగుల్తాది బావా,” అన్నాడు నీలకంఠం. “తిరక్కపోతే తగల్దు.”

ఎంత న్యాయమైన మాట! టైర్లు ఎక్కేశాయి.

ఇక లాభాలు చూడండి. ఖాళీ బండి ఠీవిగా నడిచేది. సరుకు వేస్తే మాత్రం బాడీ దిగి టైర్ల మీద కూర్చుని బర్రుమని ఏడ్చేది. దాంతో కొబ్బరికాయలు పంపాలి, మంచం తెచ్చిపెట్టు అంటూ వచ్చే చుట్టాలు రావడం మానేశారు. బరువు మోయని బరువుబండి ఎంత సుఖం! స్టీరింగు సగమే తిరిగేది గనక, వంపుల్లో ఉన్న బంధువులతో రాకపోకలు తగ్గి, నేరు రోడ్డు మీద ఉన్నవాళ్లతో ప్రేమ పెరిగింది. పైగా చక్రం పెద్దది కావడంతో బండి ఎంత జోరుగా వెళ్లినా మీటరు తక్కువే చూపించేది. ఇంతకన్నా వినయం ఏ నాయకుడికుంది?

అతని తల్లి మహాలక్ష్మమ్మ పీట వేస్తేగాని ఎక్కలేకపోయేది. ఒకసారి భావనపాడు హార్బరుకి వెళ్తూ పీట మరిచిపోయారు. ఆవిడ దిగే దారిలేక సీట్లో కూర్చునే చేపలు బేరమాడింది. అంత ఎత్తునుంచి అడిగేసరికి, ఎవరో పెద్దమనిషి తాలూకు అనుకుని బుట్టలవాళ్లు ధర తగ్గించారు.

భార్య ప్రమోదిని మాత్రం ఈ మహిమ గుర్తించలేదు. “బండి తిరగడం మానీసింది, మీరు సంతకి నడిసి ఎల్తన్నారు. ఏటి బాగుపడ్డాం?” అని అడిగింది. ఢిల్లీశ్వరరావు గుడ్డ తడిపి టైర్లు తుడవసాగాడు.

ఊరేగింపు రోజు వచ్చింది. రామూర్తి అన్ని బండ్లూ చూసి, అన్నిటికన్నా ఎత్తుగా ఉందని ఢిల్లీశ్వరరావు పికప్పే ఎంచుకున్నాడు. ఢిల్లీశ్వరరావు కళ్లు చెమర్చాయి. రామూర్తి దండలతో ఎక్కాడు. వెనకే ఎక్కగలిగినంత మంది కార్యకర్తలు ఎక్కారు. బాడీ మెల్లగా దిగి టైర్ల మీద స్థిరపడింది.

నేరు రోడ్డున్నంతసేపూ జైజైలే. కూడలి దగ్గర ఎడమకి తిరిగితే మీటింగు మైదానం. ఢిల్లీశ్వరరావు స్టీరింగు తిప్పాడు. అది తిరగలేదు. ఒళ్లంతా బరువేసి తిప్పాడు. రబ్బరు కాలిన వాసన వచ్చిందిగాని బండి మళ్లలేదు. వెనక్కి వెళ్దామంటే వెనకంతా డప్పులు, జనం. నలుగురు దిగితే తిరుగుతుందేమోనని కిటికీలోంచి తల బయటపెట్టి చెప్పాడు.

పైనుంచి రామూర్తి వంగి, “దింపితే పరువు పోద్ది. ముందుకే పోనీ,” అన్నాడు.

ముందున్నది వైకుంఠరావు జీడిమిల్లు. వైకుంఠరావు ఎదుటి పార్టీ పెద్ద. మిల్లు గేటు బార్లా తెరిచి ఉంది. బండి నేరుగా లోపలికి పోయి, ఆరబోసిన జీడిగింజల ముందు ఆగింది. వెనకే డప్పులూ వచ్చేశాయి. వైకుంఠరావు కిటికీలోంచి చూశాడు. ఇంత జనంతో, ఇన్ని దండలతో రామూర్తి తన మిల్లుకొచ్చాడంటే అర్థం ఒకటే, పార్టీ మారడానికే కదా! పరుగున వచ్చి, రామూర్తిని కిందికి దించి కావలించుకున్నాడు.

రామూర్తి నోరు తెరిచి నిజం చెప్పబోయాడు. ఈలోగా వైకుంఠరావు అతని చెవిలో ఏదో అన్నాడు. ఏమన్నాడో డప్పుల్లో వినబడలేదుగాని, రామూర్తి తెరిచిన నోరు చిరునవ్వుగా మారింది. అటూ ఇటూ చూడకుండా సూటిగా వచ్చానని, తన మనసెప్పుడూ ఇక్కడే ఉందని అక్కడికక్కడే ప్రసంగించాడు. కార్యకర్తలు జెండాలు మడిచి జేబుల్లో పెట్టుకుని జీడిపప్పు ఉప్మా తినడానికి కూర్చున్నారు. మైదానంలో వేసిన కుర్చీలు ఖాళీగా ఎండాయి.

సాయంత్రానికి పాత పార్టీలో మిగిలింది ఢిల్లీశ్వరరావు ఒక్కడే. అతనూ తిరిగేవాడేమోగాని, అతన్ని ఎవరూ రమ్మనలేదు. ఉప్మా కూడా పెట్టలేదు. అందరూ దిగి తేలికైన బండిని, ముందుకీ వెనక్కీ లాగి ఎలాగో తిప్పుకుని ఇంటికొచ్చాడు. ఆ రాత్రి అన్నం సరిగా తినలేదు.

వారం తిరక్కుండా జిల్లా ఆఫీసు నుంచి కబురొచ్చింది. మండలమంతా పార్టీ ఫిరాయించినా చెక్కుచెదరని కార్యకర్త ఢిల్లీశ్వరరావే కాబట్టి, ఇక అతనే మండల అధ్యక్షుడట! స్టేజీ మీద అతని పేరు మూడుసార్లు చదివారు. శాలువా కప్పారు. ఆ పదవి తెచ్చిపెట్టింది టైర్లు కాదని ఎవరనగలరు?

మర్నాడు పొద్దున్నే అతను నీలకంఠం షాపుకి వెళ్లి ఆ పెద్ద టైర్లు ఊడదీయించి, పాత చిన్న టైర్లు వేయించుకుని వచ్చాడు. బండి వాకిట్లోకి ఒక్క మెలికలో తిరిగి ఆగింది. ప్రమోదిని చూసి ఆశ్చర్యపోయింది. అదృష్టం తెచ్చిన టైర్లు ఎందుకు తీయించారని అడిగింది.

ఢిల్లీశ్వరరావు శాలువా సర్దుకుంటూ గొంతు తగ్గించాడు.

“పదవొచ్చీసింది గదే. ఇంక మనకీ ఎప్పుడో ఒకప్పుడు తిరగాల్సొత్తాది.”