కదలకపోతే లెక్కలోకి రారు

మనుషుల్ని కళ్ళతో చూడడం ఇక మానేద్దాం. అదొక పాతకాలపు దురలవాటు. చుక్కలుగా చూద్దాం!

అశోక్‌నగర్‌లో మా ఇంటి పైగదిలో అద్దెకుండే నవనీత యూనివర్సిటీలో చేసిన పరిశోధన ఇదే. ఎవరు ఎప్పుడు ఎటు కదిలారో కంప్యూటర్లో బొమ్మ గీస్తుంది. మనిషి ఒక చుక్క. కదిలితే గీత. వేగంగా వెళ్తే ఎరుపు, నెమ్మదిగా వెళ్తే నీలం.

ఎంత సుఖమో చెప్పలేను! ఇదివరకు ఎవరు గడప దాటినా, చేరారో లేదోనని ఊహించుకుని భయపడేదాన్ని. ఇప్పుడు నవనీత చుక్క నారాయణగూడ ఫ్లైఓవర్ మీద ఆగితే, ఫోన్లో చూసి ఆధారాలతో సహా భయపడుతున్నాను. సైన్స్ అంటే ఇదే కదా!

సర్కారు కొలువుల కోసం చదివే హాస్టల్ పిల్లల్ని చూడండి. చిక్కడపల్లి లైబ్రరీకీ టీ బండికీ మధ్య తిరిగి తిరిగి, తెర మీద దారపు ఉండల్లా తయారయ్యారు. పరీక్ష వాయిదా పడితే ఉండ ఇంకాస్త లావెక్కుతుంది. అభివృద్ధి కాదూ? పెళ్ళిళ్ళ పేరయ్యలు కూడా ఇక జాతకాలు పక్కన పెట్టాలి. అబ్బాయి గీత ఒక్కసారైనా వంటింట్లోకి వెళ్ళిందా? చాలు, అంతా తెలిసిపోతుంది!

నవనీత నా చేతికీ కదలికలు లెక్కపెట్టే వాచీ ఒకటి కట్టింది. వారం తర్వాత బొమ్మ చూపించింది. కూరగాయలకు వెళ్ళిన నీలం గీత ఉంది. లైబ్రరీకి వెళ్ళిన గీతా ఉంది.

"మరి రోజూ పొద్దున నీ స్కూటీ మలుపు తిరిగేదాకా గేటు దగ్గర నిలబడతానే, అదేది?"

"అది నాయిస్ అమ్మమ్మా. కదలకుంట నిలబడ్డదంత తీసేసిన. లేకుంటే బొమ్మ ఖరాబైతది."

నాయిస్ అంటే పనికిరాని చెత్త అట. పోనీలెండి! రైలు ప్లాట్‌ఫారాల మీద, ఆస్పత్రి వరండాల్లో, గేట్ల దగ్గర నేను చెయ్యి ఊపుతూ నిలబడ్డదంతా ఒక్క నొక్కుతో పోయింది. ఇంత తేలిక ఏ దేవుడిస్తాడు?

మొన్న నవనీతకు బెంగళూరులో ఉద్యోగం వచ్చింది. సామాను ఆటోకెక్కించింది.

"పరేషాన్ గాకు అమ్మమ్మా. వాచీ నువ్వే ఉంచుకో. నీ చుక్క నాకు దినాం కనబడుతది."

ఆటో కదిలింది. ఈసారి నేను గేటు దగ్గర నిలబడలేదు. గేటుకీ కరెంటు స్తంభానికీ మధ్య అటూ ఇటూ నడవడం మొదలుపెట్టాను. ఆ పిల్ల వెనక్కి తిరిగి చూసిందా? ఎందుకు చూస్తుంది, చేతిలో ఫోనుండగా! మలుపు దాటకముందే నా ఫోను మోగింది.

"అమ్మమ్మా, ఏందట్ల తిరుగుతున్నవ్? మోకాళ్ళు నొస్తయ్. జర ఒక్క తాన నిలబడు!"

"నిలబడితే తీసేస్తావుగా!" అన్నాను.